చూడి మంద

తొమ్మిది దాటినా రాధిక ఇంట్లోకి రాలేదు.

వంటింటి కిటికీలోంచి చూస్తే దొడ్డి గేటు కనిపిస్తోంది. గేటుకి మూడు చుట్లు చుట్టిన గొలుసు, గొలుసుకి పెద్ద తాళం. తెల్లవారగానే రాధిక వేసిన తాళం అది. తాళంచెవి ఎక్కడ పెట్టిందో ఎవరికీ చెప్పలేదు.

పన్నెండింటికి రెండు లారీలు వస్తాయి. ఎనభై నాలుగు ఆవుల్ని ఎక్కించాలి.

"నువ్వు చెబితే వింటుంది ఝాన్సీ," అన్నాడు కాశీవిశ్వనాథం. ఆయన కంచంలో దోసె ఎప్పుడో చల్లారిపోయింది.

"నేను చెప్పాల్సింది రాత్రే చెప్పాను. మీరు చెప్పాల్సింది నెల కిందట చెప్పి ఉండాల్సింది. రెండేళ్ళుగా ఆ మందని చూసుకుంటున్నది అది. కన్నకూతుర్ని ఒక్క మాట అడక్కుండా బేరం చేసుకొచ్చారు."

"అడిగితే ఒప్పుకునేదా?"

"ఒప్పుకోదనే కదా అడగలేదు!"

విశ్వనాథం తలెత్తి గోడ గడియారం కింద వేలాడుతున్న క్యాలెండర్ వైపు చూశాడు. ఈరోజు తేదీ, అక్టోబరు పద్దెనిమిది చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంది. ఆ సున్నా చుట్టింది ఆయనే.

ఎడ్మంటన్‌కి గంటన్నర దూరంలో ఉన్న ఆ ఇంట్లో ఇలాంటి పొద్దు ఇదే మొదటిది. ఝాన్సీలక్ష్మి పశువైద్యురాలు. గన్నవరంలో చదివి, కెనడా వచ్చి, మళ్ళీ పరీక్షలు రాసి, ముప్పయ్యేళ్ళు అల్బర్టా రైతుల దొడ్లలో భుజందాకా గ్లవ్స్ తొడుక్కుని తిరిగింది. ఇరవై రెండేళ్ళ కిందట ఒక రైతు ఫీజు బదులు ఇచ్చిన పదకొండు పెయ్యలతో మొదలైంది ఈ మంద. విశ్వనాథం ఆయిల్ కంపెనీలో ఇంజనీరుగా రిటైరయ్యాడు. ఎడ్మంటన్ గుళ్ళో ఎవరైనా "ఫార్మ్ ఉందటగా, పాలా?" అని అడిగితే ఆయన మాట మార్చేసేవాడు. ఝాన్సీ మార్చేది కాదు. "మాంసానికి పెంచే ఆవులండీ," అనేది. ఎదుటివాళ్ళే తలలు తిప్పుకునేవాళ్ళు.

ఈ ఏడాది అలా చెప్పుకోవడానికి కూడా మంద మిగిలేలా లేదు. మూడేళ్ళుగా వానల్లేవు. మేలో అడవులు తగలబడి నెల రోజులు ఆకాశం కనిపించలేదు. నీటిగుంట అడుగున బురద పెంకుల్లా పగిలింది. చుట్టుపక్కల ఏడు మందలుంటే వసంతానికి నాలుగైనాయి, ఇప్పుడు రెండు. వారం వారం జరిగే పశువుల వేలం రెండు వారాలకోసారి జరుగుతోంది. దేశంలో ఆవులు తగ్గేకొద్దీ ధర పెరుగుతోంది. ధర పెరిగేకొద్దీ, ఉన్నవాళ్ళు ఇదే సమయమని ఇంకా అమ్ముకుంటున్నారు.

"ఇంత ధర మళ్ళీ రాదు. నాకు అరవై ఎనిమిది, నీకు అరవై మూడు. పోయిన మార్చిలో ఆవులు ఈనే టైములో మంచు మీద పడి మణికట్టు విరగ్గొట్టుకున్నావు. ఆ రాత్రి నిన్ను నేను ఎలా లేపానో నాకు తెలుసు. నేను భయపడకూడదా?" అన్నాడు విశ్వనాథం.

ఆ మాటకి ఝాన్సీ కాస్త మెత్తబడింది. నిజానికి అమ్మకానికి ఆమె కూడా ఒప్పుకుంది. ఒక్క షరతు మీద. పక్క ప్రావిన్సు సస్కాచెవాన్‌లో వానలు పడిన చోట ఒక యువరైతు మందని మందగా కొంటానన్నాడు. అక్కడ ఈనుతాయి, అక్కడ బతుకుతాయి. అందుకే మూడు వారాల కిందట ఆవుల్ని ఒక్కొక్కటిగా నిలబెట్టి తన చేత్తో తనే చూడి పరీక్ష చేసింది. ఎనభై నాలుగింటిలో డెబ్బై తొమ్మిది చూడి. అంత కరువులో అదొక వింత.

ఫోన్ మోగింది. విశ్వనాథం లేచేలోపే ఝాన్సీ తీసింది.

అవతల పశువుల బ్రోకర్. లారీలు బయల్దేరాయని చెప్పి, బక్కచిక్కినవి ఎన్ని ఉన్నాయని అడిగాడు.

"బక్కవి అయిదారు. వాటి సంగతెందుకు? చూడివి ఎన్నో కాయితంలో రాసిచ్చాను కదా," అంది ఝాన్సీ.

అతను చూడి లెక్కతో ఇప్పుడు పని లేదమ్మా అన్నాడు. సస్కాచెవాన్ అబ్బాయికి బ్యాంకు కాదంది, పోయిన గురువారమే తప్పుకున్నాడు. ఇవి బరువు మీద పోతున్నాయి. నేరుగా మాంసం ప్లాంటుకి. మీ ఆయనకి చెప్పాను కదా, అన్నాడు.

ఝాన్సీ ఫోన్ పెట్టేసింది. చాలా నెమ్మదిగా పెట్టింది.

"గురువారం," అంది.

విశ్వనాథం కంచం పక్కకి జరిపాడు.

"గురువారం నుంచి బుధవారం దాకా ఈ బల్ల దగ్గరే కూర్చుని నాతో కాఫీ తాగారు. కబేళాకి పంపుతున్నానని ఒక్క ముక్క అన్లేదు."

"ఇన్నేళ్ళూ మన దూడలు పోయింది ఎక్కడికి ఝాన్సీ? తీర్థయాత్రకా?"

"దూడల్ని పెంచింది అందుకే. నేనెప్పుడూ దాచలేదు, దానికి సిగ్గూ పడలేదు. ఇవి తల్లులు. కడుపులో అయిదో నెల దూడలున్నాయి. మంద అంటే అవే. వాటినే కోసేశాక రైతు దగ్గర ఏముంటుందండీ, కంచె తప్ప?"

"కొనేవాడు లేడు! చూడి ఆవుని తీసుకెళ్ళి శీతాకాలమంతా మేపేవాడు ఈ ప్రావిన్సులో ఒక్కడున్నాడా? ఉంటే చూపించు, వాడికే ఇస్తాను."

ఝాన్సీ చూడి పరీక్షల నోట్‌బుక్ తీసి బల్ల మీద పెట్టింది. కొనేవాడు లేడని ఆమెకీ తెలుసు.

విశ్వనాథం కోటు తొడుక్కుని బయటికి నడిచాడు.

* * *

పనిముట్ల షెడ్డులో నిఖిల ట్రాక్టరుకి గ్రీజు పెడుతోంది.

జగిత్యాల అమ్మాయి. వయసు ఇరవై నాలుగు. ఎడ్మంటన్‌లో బిజినెస్ డిప్లొమా చదవడానికి వచ్చి, ఒక బేస్‌మెంట్‌లో ఎనిమిదిమందితో ఉండి, ఒక కాఫీ షాపులో మూడు ఉద్యోగాలుంటే నాలుగొందలమంది నిలబడిన లైన్లో రెండుసార్లు నిలబడి వెనక్కి తిరిగొచ్చింది. తెలుగు విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఝాన్సీ పెట్టిన మెసేజ్ చూసింది. "పని ఉంది. చలి ఉంటుంది, పేడ ఉంటుంది, భోజనం మా ఇంట్లోనే." ఆ మెసేజ్‌కి జవాబిచ్చింది తనొక్కతే. ఇప్పుడు ఈనలేని పెయ్యకి గొలుసు వేసి దూడని లాగగలదు. ఫార్మ్ స్పాన్సర్‌గా శాశ్వత నివాసపు పీఆర్‌కి అప్లై చేసి ఆరు నెలలైంది. వర్క్ పర్మిట్ జనవరిలో అయిపోతుంది.

"తాళంచెవి నీ దగ్గరుంది కదమ్మా?" అన్నాడు విశ్వనాథం.

నిఖిల గ్రీజు గన్ కింద పెట్టింది. అబద్ధం చెప్పడం ఆమెకి చాతకాలేదు.

"ఉంది అంకుల్. పొద్దున రాధికక్క ఇచ్చింది."

"ఇవ్వు."

"ఎవ్వరికీ ఇయ్యొద్దని ఇచ్చింది."

విశ్వనాథం తిరగేసి ఉన్న బకెట్టు మీద కూర్చున్నాడు. మనిషి ఒక్క వారంలో తగ్గిపోయినట్టున్నాడు. కోటు జేబులోంచి మడతపెట్టిన కాయితం తీశాడు.

"ఇమిగ్రేషన్ వాళ్ళు అడిగిన ఎంప్లాయర్ లెటర్ ఇది. మందలో ఎన్ని ఆవులున్నాయి, ఏడాది పొడుగునా పని ఉంటుందా లేదా రాయమన్నారు కదా. రాశాను. ఎనభై నాలుగు అని రాశాను. నిన్నటి తేదీ వేశాను. నిన్నటికి అది నిజమే కదా. సంతకం ఒక్కటే మిగిలింది."

ఆ కాయితం కోసం నిఖిల మూడు వారాలుగా ఎదురుచూస్తోంది. పంపడానికి ఇంకా ఆరు రోజులే గడువు. ఎప్పుడడిగినా అంకుల్ "రేపు చూద్దాం" అనేవాడు. ఎందుకనేవాడో ఇప్పుడర్థమైంది.

"సంతకం పెడతాను. పెట్టి నీ చేతికిస్తాను. ఆ చెవి ఇవ్వు. నేనేమీ నిన్ను బెదిరించడం లేదమ్మా."

"తెల్సు అంకుల్. మీరసొంటోళ్ళు కాదు."

"మరి?"

నిఖిల చేతులకున్న గ్రీజు గుడ్డతో తుడుచుకుంది. ఒక్కో వేలూ తుడుచుకుంది.

"వాళ్ళు ఫోన్ చేసి అడిగితే ఏం చెప్పాలె అంకుల్? ఆవులు నిన్నటిదాంక ఉండె, ఇయ్యాల లేవు అని చెప్పాల్నా? నేను పంపిన కాయితం మీద అబద్ధం ఉంటే అయిదేండ్లు ఈ దేశంల అడుగుపెట్టనియ్యరు."

"అడగరు. వేలమంది ఉన్నారు, ఎవరిని అడుగుతారు?"

"అడగకపోయినా..." అని ఆగింది. "లారీకి గేటు తీసింది నేనే అయితది గదా. అక్క మొకం ఎట్ల చూడాలె?"

విశ్వనాథం కాయితం మళ్ళీ మడిచాడు. జేబులో పెట్టుకోలేదు. ట్రాక్టరు సీటు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

సంతకం లేదు. నిఖిల చూసింది. తాళంచెవి ప్యాంటు జేబులో తొడకి గుచ్చుకుంటోంది. పదకొండు కావస్తోంది.

ఆమె ఇంట్లోకి పరిగెత్తి, వంటింటి బల్ల మీద, ఝాన్సీ ముందు ఆ తాళంచెవి పెట్టింది.

"ఆంటీ, నాతోని కాదు. మీరే ఏదో ఒకటి చెయ్యండి."

ఝాన్సీ తాళంచెవి వైపు చూడలేదు. ఆమె ముందు చూడి పరీక్షల నోట్‌బుక్ తెరిచి ఉంది.

"గడ్డి మోపులు ఎన్నున్నాయి మన దగ్గర?"

"నూట యాభై రెండు, ఆంటీ. మొన్ననే లెక్కపెట్టిన."

"ఒక్కో మోపు అర టన్ను పైనే. ఆవుకి అయిదు. శీతాకాలం దాటడానికి అయిదు చాలు, పొదుపుగా వేస్తే." ఝాన్సీ తాళంచెవి తీసుకుని లేచింది. "పికప్ తియ్యి. అది ఎక్కడుందో నీకు తెలుసు కదా."

* * *

రాధిక పడమటి పొలంలో, మందకి నడుమ నిలబడి ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళ పిల్ల. సిటీలో మంచి ఉద్యోగం వదిలేసి వచ్చింది. తల్లిని చూసి కూడా కదల్లేదు.

"నో, అమ్మా. నువ్వేం చెప్పినా సరే, అయామ్ నాట్ ఓపెనింగ్ దట్ గేట్."

"అవి సస్కాచెవాన్ వెళ్ళడం లేదు," అంది ఝాన్సీ. "ప్లాంటుకి వెళ్తున్నాయి. నాకూ ఇందాకే తెలిసింది."

రాధిక ఏడుస్తుందేమోనని నిఖిల భయపడింది. ఏడవలేదు.

"ఆల్ ఆఫ్ దెమ్?"

"ముప్పై ఉంచుకోవచ్చు. ముప్పైకే గడ్డి ఉంది. మిగతావి వెళ్ళాలి. నువ్వు నాతో వచ్చి ఏవి ఉండాలో చెప్పు."

"నేనా? నేను చెప్పాలా ఏది చావాలో?"

"ఎవరో ఒకరు చెప్పాలి."

"అయితే నాన్నని చెప్పమను! హి సోల్డ్ దెమ్!" ఆ కేకకి దగ్గరున్న ఆవులు రెండు బెదిరి పక్కకి తప్పుకున్నాయి. రాధిక వెంటనే గొంతు తగ్గించింది. "ఐ కాంట్, అమ్మా. ఐ జస్ట్ కాంట్."

గాలి మంచులా ఉంది. ఎండిన గడ్డి దుబ్బుల్ని ఆవులు కొరుకుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించడం లేదు.

"సరే, నేనే ఎంచుతాను," అంది ఝాన్సీ చివరికి. "నాకు కడుపులు తెలుసు. ఏ ఆవుకి ఏ నెలో తెలుసు. కానీ మంచు తుఫానులో దూడని వదలకుండా నిలబడేది ఏదో, ఈనగానే పారిపోయేది ఏదో నాకు తెలీదు. రెండేళ్ళుగా రాత్రిళ్ళు వాటి దగ్గర పడుకున్నది నువ్వు. నేను తప్పు ఎంచుతాను రాధీ. మంచిది పోతుంది, పనికిరానిది ఉంటుంది. మందని మళ్ళీ నిలబెట్టాలంటే ఆ ముప్పై సరైనవై ఉండాలి."

దూరంగా కంకర రోడ్డు మీద దుమ్ము లేచింది. పొడుగాటి వెండిరంగు లారీ ఒకటి, దాని వెనక ఇంకొకటి.

"అక్కా, వచ్చేసినయ్," అంది నిఖిల.

రాధిక టోపీ చెవులదాకా లాక్కుంది. "నిఖీ, నువ్వు లోపలి గేటు పట్టుకో," అని మందని తోలడం మొదలుపెట్టింది.

* * *

ఝాన్సీ తాళం తీసిన దొడ్డిలో సన్నటి దారి ఒకటి. దాని చివర ఊగే గేటు. ఎడమకి తిప్పితే లారీ, కుడికి తిప్పితే చిన్న దొడ్డి. నిఖిల గేటు పట్టుకుంది. ఝాన్సీ పుస్తకం పట్టుకుని నెల చెబుతోంది. రాధిక ఆవు చెవి బిళ్ళ మీద నంబరు చూసి ఒక్కటే మాట అంటోంది.

"పదిహేడు. అయిదో నెల."

"ఉంచు."

"అరవై రెండు. నాలుగు దాటింది."

"పంపు."

"ఇరవై తొమ్మిది."

"పంపు."

మొదట్లో ప్రతిదానికీ ఆలోచించింది. పదో ఆవు దాటాక ఆలోచించడం మానేసింది. గొంతు మాత్రం ఒక్కో మాటకీ అరిగిపోతోంది. నలభై ఒకటో నంబరు ఆవు వచ్చింది. ముసలిది, పద్నాలుగేళ్ళది. పన్నెండు దూడల్ని కని, ఒక్కదాన్నీ పోగొట్టుకోని తల్లి. వచ్చి, రాధిక కోటు చేతిని ఎప్పటిలాగే నాకింది.

ఝాన్సీ పుస్తకంలోంచి తలెత్తలేదు. "చూడే. కానీ పళ్ళు లేవు," అంది.

రాధిక చెయ్యి వెనక్కి తీసుకుంది.

"పంపు."

నిఖిల గేటు ఎడమకి తిప్పింది. ఆవు లారీ వాలు మీద ఆగి, ఒకసారి వెనక్కి చూసి, ముందున్నవాటి వెంట ఎక్కిపోయింది. రాధిక కంచె పట్టుకుని రెండు నిమిషాలు అటు తిరిగి నిలబడింది. ఎవరూ ఆమెని పిలవలేదు. ఆమే మళ్ళీ ఇటు తిరిగి, "నెక్స్ట్," అంది.

మొదటి లారీ నిండి వెళ్ళిపోయింది. రెండో లారీలో పన్నెండే ఎక్కాయి. చిన్న దొడ్డిలో ముప్పై ఆవులు తోసుకుంటూ, బిడ్డల్ని వెతుక్కుంటున్నట్టు అరుస్తున్నాయి. లారీ నడిపే వెండీ అనే ఆవిడ, అరవై ఏళ్ళుంటాయి, కిందికి దిగి లోపల మిగిలిన చోటు చూపించింది. వాటిని కూడా ఎక్కించేదా, తలుపు వేసేదా అని అడిగింది.

"వేసెయ్యండి," అంది ఝాన్సీ.

"ఆగు," అన్నాడు విశ్వనాథం.

ఆయన ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. కంచె అవతల, లారీ రసీదులు చేత్తో పట్టుకుని ఉన్నాడు.

"ఆ ముప్పైని ఎక్కడ ఉంచుతావు ఝాన్సీ?"

"ఎక్కడేమిటి? ఎక్కడున్నాయో అక్కడే. గడ్డి ఉంది, నీళ్ళు ట్యాంకర్‌లో తెప్పిద్దాం."

"ఈ పొలం మనది కాదు కదా. ఇల్లూ, దొడ్డీ, ఈ షెడ్డూ మనవి. మేత పొలమంతా హెరాల్డ్‌ది, కౌలుకి తీసుకున్నాం." ఆయన చేతిలోని రసీదుల్ని మడిచాడు. "హెరాల్డ్ కూడా మంద అమ్మేశాడు. కొడుకు దున్ని కనోలా పంట వేస్తానంటున్నాడు. మంద పోతోంది కదా అని... పోయిన సోమవారం కౌలు వదిలేస్తూ సంతకం పెట్టాను. ఒకటో తారీకుకి ఖాళీ చెయ్యాలి. కంచెలు కూడా పీకేస్తారు."

రాధిక తండ్రి వైపు చూసింది. తిట్టలేదు. కోపం కూడా రాలేదు. అంత నెమ్మదైన గొంతుతో తండ్రితో ఆమె మాట్లాడి వారమైంది.

"ఎన్ని రోజులు, నాన్నా?"

"పదమూడు."

వెండీ గ్లవ్స్ తొడిగిన చేతులు రుద్దుకుంటూ ఆకాశం వైపు చూసింది. చీకటి పడేలోగా తను ప్లాంటు చేరాలంది. వీటిని దింపాక మళ్ళీ ఈ వైపు రావడం కుదరదంది. ఇంకో లారీ దొరకడానికి మూడు వారాలు పట్టొచ్చు, అందరూ ఇప్పుడే అమ్ముతున్నారు కదా అంది.

నిఖిల రెండు చేతులతో గేటు పట్టుకుని ఆంటీ ముఖం వైపే చూస్తోంది. ఎడమకా, కుడికా అని ఎవరూ ఆమెకి చెప్పడం లేదు. సంతకం లేని కాయితంలో ఎనభై నాలుగని ఉంది. ముప్పై అని మార్చి రాసినా, పదమూడు రోజుల తర్వాత ఆ ముప్పైకి నేల లేదు.

ఝాన్సీ పుస్తకం మూసింది. వెండీ దగ్గరికి నడిచి, తలుపు వేసెయ్యమని చెయ్యూపింది. ఇనప తలుపు దిగిన చప్పుడికి దొడ్డిలోని ఆవులన్నీ ఒక్కసారి అరుపు ఆపాయి. సగానికి పైగా ఖాళీగా లారీ కంకర రోడ్డెక్కింది.

అది మలుపు తిరిగేదాకా ఝాన్సీ అక్కడే నిలబడింది. తర్వాత కంచె దగ్గరికి వచ్చి, భర్తకి ఎదురుగా ఆగింది.

"ఏమండీ, ఇప్పుడు చెప్పండి. నాకు తెలియకుండా ఇంకా వేటిమీద సంతకాలు పెట్టారు?"

విశ్వనాథం కళ్ళజోడు తీసి, కోటు అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. అద్దాలు తుడవడం ఎంతకీ అవడం లేదు.